పాముపిల్ల తిండి ముట్టకపోతే..

మాది ఎర్రమంచి. పెనుకొండ పక్కన, కియా కార్ల ఫ్యాక్టరీ ఉన్న ఊరు అంటే ఇప్పుడు అందరికీ తెలుస్తుంది. 2017కి ముందు అయితే పెనుకొండ కోట దగ్గర్నుంచి మొదలుపెట్టి చెప్పుకోవాల్సి వచ్చేది. సెనిక్కాయ చేల మధ్య పెరిగినవాణ్ణి కాబట్టి పాము కనపడితే ఏం చెయ్యాలో నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. గట్టిగా అరవాలి, నలుగురు కట్టెలు పట్టుకుని పరిగెత్తుకొస్తారు. అంతే. అలాంటి నేను గత అక్టోబర్లో ఫ్లోరిడాలోని టాంపాలో, రాత్రి పదకొండింటికి, చిటికెన వేలి కొసంత ఉన్న ఎలుకపిల్లని వేణ్ణీళ్ళలో కరగబెడుతూ కూర్చున్నానంటే దానికి కారకుడు నా పాత రూమ్మేటు.

ఆ మహానుభావుడు ఒక రెప్టైల్ ఎక్స్‌పోకి సరదాగా వెళ్ళి, ఆగస్టులో గుడ్డులోంచి బయటపడ్డ కార్న్ స్నేక్ పిల్లని కొనుక్కొచ్చాడు. నారింజ రంగు ఒళ్ళు, దాని మీద ఎర్రటి మచ్చలు. మిర్చి అని పేరు పెట్టాడు. నెల తిరక్కుండానే అతనికి వేరే రాష్ట్రంలో ప్రాజెక్టు వచ్చింది, అక్కడి అపార్ట్‌మెంటులో పాముల్ని ఒప్పుకోరట. "నాలుగు రోజులు చూస్కో బాస్" అని వెళ్ళిపోయాడు. ఆ నాలుగు రోజులూ ఇంకా అవ్వలేదు :)

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర చెప్పాడు, "అన్నట్టు, అది ఇంతవరకూ ఏమీ తినలేదు" అని.

ఇక్కడ కార్న్ స్నేక్ గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఇది అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల పాము, విషం లేదు, మన జెర్రిపోతుకి దూరపు చుట్టం. దాని తలరాత కూడా జెర్రిపోతు తలరాతే. మనవాళ్ళు జెర్రిపోతుని నాగుపాము అనుకుని చంపుతారు, వీళ్ళు కార్న్ స్నేక్‌ని కాపర్‌హెడ్ అనే విషసర్పం అనుకుని చంపుతారు. పెరిగితే మూడు నుంచి ఐదడుగులు. ఇంట్లో పెంచితే పదిహేను, ఇరవయ్యేళ్ళు బతుకుతుంది. కానీ అదంతా మొదటి ముద్ద మింగిన తర్వాత సంగతి. నా చేతికొచ్చినప్పుడు మిర్చి బరువు 6 గ్రాములు. తూచడానికి నగల కొట్లో ఉండేలాంటి చిన్న కాటా ఒకటి కొన్నాను.

గుడ్డులోంచి వచ్చిన పాముపిల్ల పొట్టలో పచ్చసొన మిగిలి ఉంటుంది. వారం పది రోజులకి మొదటి కుబుసం విడిచేదాకా అది ఏమీ తినదు, తినక్కర్లేదు. ఆ తర్వాతే ఆకలి. మామూలుగా అప్పుడు పింకీ, అంటే ఇంకా వెంట్రుకలు కూడా రాని ఎలుకపిల్ల, చంపి గడ్డకట్టించి అమ్మేది, ఒకటి కరిగించి పట్టకారుతో ముందు పెడితే లటుక్కున అందుకుంటుంది. కొన్ని మాత్రం అందుకోవు. నేను మొదట్లో దీన్ని మొండితనం అనుకున్నాను. చదివిన కొద్దీ తెలిసిందేమంటే మొండితనం మనదే. అడవిలో కార్న్ స్నేక్ పిల్ల మొదట తినేది ఎలుకని కాదు, చిన్న బల్లుల్నీ చెట్టుకప్పల్నీ. దాని నాలుక బల్లి వాసన కోసం వెతుకుతుంటే మనం పక్కన ఎలుక మాంసం పెట్టి "తినవే" అంటాం. అది తిండి అని దానికి తెలిస్తే కదా!

పాము నాలుక ఆడించేది మనల్ని బెదిరించడానికి కాదు. గాల్లో ఉన్న వాసనని నాలుకతో పట్టి పైఅంగిట్లో ఉండే జాకబ్‌సన్ అవయవానికి అందిస్తుంది. దాని మెనూ కార్డు అదే.

సరే, ప్రయత్నాల సంగతి. మొదటిసారి మామూలు పింకీ. మిర్చి దాన్ని చూసి వెనక్కి తగ్గి ఎస్ ఆకారంలో మెడ ముడుచుకుంది. ఐదు రోజులాగి, సబ్బుతో కడిగి ఎలుక వాసన పోగొట్టిన పింకీ. ఊహూ. మళ్ళీ ఐదు రోజులకి, వాసన బాగా తెలియాలని పింకీ తలని సూదితో పొడిచి పెట్టడం. ఇది చెయ్యడానికి నాకు గుండె రెండుసార్లు గట్టిగా కొట్టుకుంది, ఆ మాట దాచను. మిర్చి మాత్రం చలించలేదు. రోజూ ప్రయత్నించకూడదు, ప్రతి ప్రయత్నమూ దానికి ఒక గండమే, అందుకే ఈ ఐదు రోజుల విరామాలు. కాటా మీద 5.6, 5.4, 5.2. ఆఫీసులో సర్వర్ లాగులు చూస్తూ కూడా నాకు ఆ అంకెలే కనపడేవి.

ఇక మిగిలింది బలవంతంగా పెట్టడం. మెడ పట్టుకుని, పింకీ మూతిని నోట్లోకి తోసి, మింగేదాకా కదలకుండా ఉండటం. తెలిసినవాళ్ళు చేస్తే బతికిస్తుంది. తెలియనివాళ్ళు చేస్తే దవడో వెన్నో దెబ్బతింటుంది, లేదా తిన్నదంతా కక్కేస్తుంది, ఆ కక్కడంతోనే సగం ప్రాణం పోతుంది. 5 గ్రాముల ప్రాణిని నా వేళ్ళతో పట్టుకోవాలా వద్దా అన్నదే మూడు రాత్రులు నా ముందున్న ప్రశ్న.

ఆ ఆదివారం అమ్మ ఫోన్ చేసినప్పుడు చెప్పేశాను. ఇంట్లో పాముందని చెప్తే ఏమంటుందో అని అప్పటిదాకా చెప్పలేదు. రెండు నిమిషాలు శివనామస్మరణ అయ్యాక అడిగింది.

"తిండి పెట్టి నువ్వేం చేస్తాండావ్?"

"పక్కనే కూర్చుని చూస్తాండా, తింటాదేమో అని."

"చూసుకుంటా కూర్చుంటే ఎవురు తింటారురా? చిన్నప్పుడు పురుగుల షెడ్డులో చూడలేదా నువ్వు?"

నిజమే, చూశాను. హిందూపురం, ధర్మవరం వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ, మిగతావాళ్ళ కోసం చెప్తున్నాను. అప్పట్లో మా ఇంట్లో పట్టుపురుగులు పెంచేవాళ్ళు. గుడ్లు పగిలే ముందు వాటిని నల్లకాగితంలో చుట్టి చీకట్లో పెడతారు. వెలుగులోకి తీసిన పొద్దున అన్నీ ఒకేసారి పగిలి చీమల్లాంటి పురుగులొస్తాయి. వాటిని చేత్తో తాకరు. మల్బరీ కొసన ఉండే లేతాకుని సన్నగా తరిగి మీద చల్లితే ఆ వాసనకి అవే పాకి వస్తాయి, లేదంటే కోడి ఈకతో మెల్లిగా ఆకు మీదికి దులుపుతారు. 27 డిగ్రీల వెచ్చదనం, గాల్లో తేమ, అలికిడి లేకుండా ఉండటం. ఆకు ముట్టకుండా తల ఎత్తి కదలకుండా కూర్చుంటే దాన్ని జ్వరం అంటారు, అంటే చర్మం మార్చుకునే ముందు దశ. జ్వరానికి కూర్చున్న పురుగుకి ఆకు వెయ్యరు. ఇప్పుడు చాలామంది రెండో జ్వరం దాటిన పురుగుల్నే చాకీ సెంటర్లలో కొనుక్కుంటున్నారు, ఈ బెంగ తప్పుతుందని.

"దీనికి గూడా జ్వరమేమో చూడు" అంది అమ్మ. పోయి చూశాను. లేదు. కుబుసం విడిచే ముందు పాము కళ్ళకి పాలపొర కమ్ముతుంది, మిర్చి కళ్ళు నల్లగా నిగనిగలాడుతున్నాయి. అంటే అది చర్మం మార్చుకునే కాలం కాదు. మిగిలినవి రెండు, వాసనా భయమూ.

వాసనకి మందు దొరికింది. ఈ దేశంలో బల్లి వాసన సీసాలో పోసి అమ్ముతారండీ! ఎర్రమంచిలో మా ట్యూబులైటు చుట్టూ ఫ్రీగా తిరిగేదాన్ని డాలర్లు పోసి కొన్నాను. నిజానికి మా బాల్కనీ నిండా ఆనోల్ బల్లులే. క్యూబా, బహామాల నుంచి వచ్చి ఫ్లోరిడా అంతా పాకిపోయిన గోధుమ రంగు ఆనోల్స్. కానీ బయట బల్లి ఒంటి మీద ఉండే పరాన్నజీవులు పాముపిల్లకి ప్రమాదం, అందుకే సీసా. భయానికి మందు ఒక చిన్న పెరుగు డబ్బా. మూతకి నాలుగు చిల్లులు, అడుగున తడిపి పిండిన టిష్యూ కాగితం, మిర్చి, సీసా నీళ్ళలో ముంచిన పింకీ. డబ్బాని దాని తొట్టెలోనే పెట్టి, వెచ్చటి వైపు 85 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉందో లేదో చూసి, మీద నల్ల టీషర్టు కప్పి, తలుపేసి వెళ్ళి పడుకున్నాను. డీబగ్గింగులో ఒకసారికి ఒకటే మార్చాలి అంటారు. నేను రెండూ కావాలనే కలిపి మార్చాను. ముందు బతకనీ, కారణం తర్వాత కనుక్కుందాం.

పడుకున్నాను అన్నాను గానీ పడుకోలేదు. తలుపు దాకా నాలుగుసార్లు వెళ్ళాను, లోపలికి మాత్రం వెళ్ళలేదు.

పొద్దున మూత తీస్తే పింకీ లేదు. మిర్చి నడుం దగ్గర చిన్న ఉబ్బు. కాటా మీద పెట్టాలని చేతులు లాగాయి, కానీ తిన్న 48 గంటల దాకా ముట్టుకుంటే కక్కేస్తుంది కాబట్టి దాన్ని దాని తొట్టెలోకి డబ్బాతో సహా వంచి వదిలేశాను. మూడో రోజు 6.5. అమ్మకి ఫోటో పంపితే "సాంబశివా" అని, వెంటనే "పాలు గూడా పెట్టు" అంది.

పాలు! మా వైపు శ్రావణంలో నాగులచవితికి రావిచెట్టు కింది నాగప్ప రాళ్ళ మీద పోస్తాం, పుట్టలో పోస్తాం. రాతికి పోస్తే ఎవరికీ నష్టం లేదు. బతికున్న పాముకి మాత్రం పాలు అరగవు. పాములాళ్ళు రోజుల తరబడి నీళ్ళివ్వకుండా ఉంచితే దాహానికి ఏది పెట్టినా తాగుతుంది, మనం దాన్ని భక్తి అనుకుంటాం. ఇది అమ్మకి చెప్పాను. "సరే నీళ్ళే పెట్టు, పూజ నేను చేసుకుంటా" అంది. ఇంతకన్నా మంచి ఒప్పందం నాకు ఏ మేనేజరూ ఇవ్వలేదు.

ఒక మాట. ఇది చదివి ఊళ్ళో జెర్రిపోతు పిల్లని డబ్బాలో వేసుకోకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు పాముల్ని పెంచుకోవడం నేరం. సెనిక్కాయలు తినే ఎలుకల్ని అది చేలో ఉంటేనే తింటుంది కూడా.

ఆ తర్వాత సీసా నీళ్ళని ప్రతిసారీ కొంచెం కొంచెం పలచన చేస్తూ వచ్చాను. నాలుగో పింకీని ఉత్తదే ఇచ్చాను, పట్టకారు మీద నుంచే లాక్కుంది, నేను ఎదురుగా ఉండగానే. ఇప్పుడు 31 గ్రాములు. ఫ్రీజర్లో నా పరోటాల పక్కన దాని ఎలుకల డబ్బా ఉంటుంది. కొత్త రూమ్మేటు పచ్చి శాకాహారి, ఐస్‌క్రీమ్ కోసం తెరిచినప్పుడల్లా కళ్ళు మూసుకుంటాడు.