ఉద్దానంలో డై లెక్క

పలాసలో దిగితే జీడిపిక్కల వాసన. ఊరు దాటితే కవిటి, సోంపేట దాకా కొబ్బరి, పనస, జీడి తోటలు. ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. షుగరు, బీపీ లేనివాళ్లకీ వస్తుంది. మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోదు కనుక క్రియాటినిన్ పరీక్ష చేయించుకునేదాకా చాలామందికి తెలియనే తెలియదు. 2023 డిసెంబరు 14న పలాసలో ప్రారంభమైన 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం దగ్గర ఎవరైనా మాట్లాడేది నీళ్ల గురించీ డయాలసిస్ గురించీ. నేను వెతుక్కుంటూ వచ్చిన ప్రశ్న చిన్నది: ఈ తోటల మనిషికి రక్తనాళాల సీటీ తీయాల్సివస్తే డై ఎంత ఎక్కించాలి?

డై అంటున్నాం గానీ అది రంగు కాదు, అయోడిన్ మందు. మిల్లీలీటరుకు 300 నుంచి 370 మిల్లీగ్రాముల అయోడిన్. చేతి నరంలోకి సెకనుకు నాలుగైదు మిల్లీలీటర్ల చొప్పున తోస్తే గుండె, ఊపిరితిత్తులు చుట్టి ధమనుల్లోకి వస్తుంది. ఆ కొద్ది సెకన్లలోనే బొమ్మ పడాలి. పనయ్యాక అది పోయే దారి దాదాపుగా కిడ్నీలొక్కటే. అందరికీ ఒకే కొలత పోసి, ఒకే సమయానికి స్కాన్ నొక్కే అలవాటు ఇక్కడే తేలిపోతుంది. 1998లో బే అనే పరిశోధకుడి బృందం ప్రచురించిన కంప్యూటర్ నమూనా శరీరాన్ని మన గొలుసుకట్టు చెరువుల్లా చూస్తుంది: ఏ అవయవంలోకి ఎంత రక్తం వస్తోంది, ఎంత పోతోంది అన్న సమీకరణాలతో డై నడక ముందే లెక్కగడుతుంది. గుండె బలహీనమైతే డై ఆలస్యంగా వస్తుంది, కానీ చిక్కగా వస్తుంది. డయాలసిస్ కోసం చేతికి ఫిస్టులా (ధమనినీ సిరనూ కలిపే దారి) వేసినవారిలో గుండె పంపే రక్తం పెరుగుతుంది. డై త్వరగా వచ్చి పలచబడుతుంది. సగటు మనిషి లెక్క ఈ ఇద్దరికీ పనికిరాదు.

డై భయం అతిశయోక్తి అనేవారున్నారు. వారి మాటలో నిజముంది: 2020లో అమెరికా రేడియాలజీ, కిడ్నీ సంస్థలు కలిసి, ముప్పు అనుకున్నంత లేదన్నాయి. అయితే కిడ్నీల వడపోత వేగం నిమిషానికి 30 మిల్లీలీటర్ల కన్నా తగ్గినవారి విషయంలో జాగ్రత్త అవసరమనీ అవే చెప్పాయి. ఉద్దానంలో ఆ గీత దగ్గరకు తెలియకుండానే చేరేవారు ఎక్కువ. ఈ లెక్కలు వేసే ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఎక్కడ దొరుకుతుందన్నది రెండో అభ్యంతరం. దానికి జవాబు యంత్రంలోనే ఉంది. ఎక్స్‌రే వోల్టేజి 120 కిలోవోల్టుల దగ్గర మిల్లీలీటరు రక్తంలో మిల్లీగ్రాము అయోడిన్ సుమారు 25 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్ల వెలుగిస్తే, 80 దగ్గర 40 వరకూ ఇస్తుంది. బక్కపలచని రైతుకు తక్కువ వోల్టేజి సరిపోతుంది, డైలో మూడో వంతు మిగులుతుంది. ముందుగా పది, ఇరవై మిల్లీలీటర్ల టెస్ట్ డోసుతో సమయం పట్టుకోవచ్చు. అదీ డైయే కదా అంటారా, స్కాన్ గురితప్పి మళ్లీ పూర్తిగా ఎక్కించడం కన్నా అది తక్కువే.