పదిహేను క్రెడిట్ల లెక్క

అమెరికాలో ఇంటర్ అవ్వగానే నీట్ రాసి ఎంబీబీఎస్‌లో చేరిపోవడం ఉండదు. సాధారణంగా ముందు నాలుగేళ్ల డిగ్రీ, ఎంక్యాట్, ఆ తర్వాతే మెడికల్ కాలేజీ. ఆ దారిలో ఉన్నవాళ్లని ప్రీమెడ్ అంటారు. న్యూజెర్సీలో ఉండే మా పిన్ని కూతురికి మొదటి సెమిస్టర్‌లో 2.8 జీపీఏ వచ్చింది. కెమిస్ట్రీలో సి. స్కూల్లో ఎప్పుడూ తనే ఫస్టు.

“ఇంక డాక్టర్ని కాలేనేమో అన్నయ్యా. అమ్మకి చెప్పలేదు” అంది ఫోన్లో.

ఓదార్చడం నాకు రాదు. లెక్క వచ్చు. డిగ్రీకి 120 క్రెడిట్లనుకుంటే అయినవి 15. మిగిలిన 105లో సగటున 3.8 తెచ్చుకుంటే మొత్తం 3.67 దాటుతుంది. ఈ సెమిస్టర్ వల్ల పోయేది పాయింట్‌లో ఎనిమిదో వంతు! పైగా మెడికల్ కాలేజీలు ఏటేటా గ్రేడ్లు పెరుగుతున్నాయా అని కూడా చూస్తాయి.

కానీ 3.8 ఊరికే రాదుగా. “ప్రొఫెసర్‌ని కలిసి డౌట్స్ అడిగావా?” అన్నాను. మౌనం. చిన్నప్పట్నుంచీ ఫస్టొచ్చే పిల్లలకి అడగడమే కష్టం. ఇంజినీరింగ్ ఫస్టియర్‌లో నాకు ఎం-1 అర్థమైంది కూడా సీనియర్ రూముకి పుస్తకం పట్టుకెళ్లాకే.

మీ ఇంట్లోనూ కొత్తగా కాలేజీలో చేరినవాళ్లుంటే, మార్కులెన్ననే ముందు డౌట్స్ ఎవర్ని అడుగుతున్నావని ఓసారి అడగండి.