రెండున్నర గ్రాముల సీసం, ఊరంత గాలి

ఎగురుతున్న తుపాకీ గుండు కంటికి కనిపిస్తుందని ఎవరైనా చెబితే మొన్నమొన్నటి దాకా నేను నమ్మేవాణ్ణి కాదు. కనిపిస్తుంది! పాయింట్ టూ టూ రైఫిల్‌ నుంచి బయల్దేరిన గుండు రెండొందల గజాల అవతల వేలాడదీసిన ఇనప పలకను అందుకునేలోపు, ఎండ సరిగ్గా వెనక నుంచి పడుతుంటే, టెలిస్కోపుకి కన్నానించిన వాడికి మిలమిల్లాడుతూ కనిపిస్తుంది. ముందు పైకి లేస్తుంది, తర్వాత వంగుతుంది, గాలి ఎటుంటే అటు ఒరుగుతూ దిగుతుంది. అప్పుడు పలక ఊగుతుంది. అది ఊగిన అర సెకను తర్వాత గానీ ‘టంగ్’ మన్న చప్పుడు మన చెవిన పడదు. మూడొందల గజాలైతే గుండు పోవడానికే సెకను పడుతుంది, చప్పుడు తిరిగి రావడానికి ఇంకో ముప్పావు సెకను. తుపాకీ పేల్చి, ఊపిరి బిగబట్టి ఎదురుచూడొచ్చన్న మాట. ఇంత అందమైన ఆట ఈ లోకంలో ఉందని నాకు ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదు.

నాకీ పిచ్చి ఎక్కించింది మా అక్క కూతురు. ఎయిర్ రైఫిల్‌తో మొదలుపెట్టి, ఇప్పుడు యాభై మీటర్ల రైఫిల్లోకి వచ్చింది. “ఒకసారి వచ్చి చూడు మావయ్యా, నీకు నచ్చుతుంది” అని ఎప్పట్నుంచో పోరుతుంటే మా ఊరు పెదకాకాని నుంచి హైదరాబాద్ వెళ్లాను. గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో ఉన్న రేంజ్‌లో అడుగుపెట్టేదాకా షూటింగంటే నాకు సినిమాల్లో చూసిందే. అక్కడ కేకల్లేవు, పొగల్లేవు. వరసగా పిల్లలు బోర్లా పడుకుని ఉన్నారు. పక్కన చిన్న తెరల మీద చుక్కలు పడుతున్నాయి. ఆ చుక్కల కోసం వాళ్లు పడే తపస్సు చూసి నిలబడిపోయాను.

మా పిల్ల ముందుగా నా అరచేతిలో ఒక రౌండు పెట్టింది. సరిగ్గా అంగుళం పొడవు. పసుపు పచ్చని ఇత్తడి గొట్టం, దాని మూతికి బూడిద రంగు సీసపు గుండు. గుండు మీద మైనం లాంటి పూత ఉంటుంది, ముట్టుకుంటే వేలికి జిడ్డంటుతుంది. గుండు బరువు 40 గ్రెయిన్లు, అంటే రెండున్నర గ్రాముల పైచిలుకు. గొట్టం అడుగున సన్నని అంచు ఉంటుంది. పేలే మందు ఆ అంచు లోపలే, చుట్టూతా ఉంటుంది. పెద్ద తుపాకుల్లో సూది అడుగుభాగం మధ్యలో కొడుతుంది, ఇందులో అంచు మీద కొడుతుంది. రిమ్‌ఫైర్ అనేది అందుకే. ఈ రౌండుని అమెరికాలో స్టీవెన్స్ కంపెనీ 1887లో తెచ్చింది. అప్పట్నుంచీ ఇప్పటిదాకా దాని కొలతలు దాదాపు అలాగే ఉన్నాయి. నూట ముప్పై ఏళ్లు దాటినా దీన్ని తోసిరాజనే ఇంకో రౌండు రాలేదంటే ఆ తయారుచేసిన చేతులకి దండం పెట్టాలి.

యాభై మీటర్ల గురి సంగతి వినండి. మధ్యలో పది మార్కుల వలయం అడ్డకొలత 10.4 మిల్లీమీటర్లు. దాని లోపల ఇంకో చిన్న వలయం ఉంది, 5 మిల్లీమీటర్లు. మా మిరప గింజ కన్నా కాస్త పెద్దదంతే! రైఫిల్‌కి టెలిస్కోపు ఉండదు. వెనక ఒక చిన్న కంత, ముందొక రింగు, రింగులో నల్లటి గుండ్రం. అరవై గుండ్లు. పదిని మళ్లీ పది భాగాలు చేసి, నట్టనడుమ పడితే 10.9 వేస్తారు. అరవైకీ అరవై అలా పడితే 654. అగ్రశ్రేణి వాళ్లు ఆరొందల ఇరవై దాటి ఇంకా పైకి వెళుతుంటారంటే, గుండు వెనక గుండు ఆ గింజంత చోటునే వెతుక్కుంటోందన్న మాట.

కోచ్ పక్కనే కూర్చుని నన్నూ పడుకోబెట్టాడు. ఎడమ చేతికి పట్టీ బిగించి, రైఫిల్ వెనక భాగం భుజానికి ఆనించి, చెంప చెక్కకి తాకించి చూస్తే ముందు రింగు చిన్నగా ఎగురుతోంది. ఏమిటా అని చూస్తే అది నా గుండె కొట్టుకోవడమే! పట్టీలోంచి నాడి రైఫిల్‌కి ఎక్కుతుంది. “కళ్లు మూసుకోండి సర్. ఒళ్లు వదిలేయండి. ఇప్పుడు తెరవండి. రైఫిల్ ఎటు చూస్తోంది?” అన్నాడు కోచ్. పక్క గురి వైపు చూస్తోంది. “చేత్తో లాక్కురావద్దు. నడుము జరపండి” అన్నాడు. ఒళ్లు దానంతటదే ఎటు చూస్తే గురి అటు ఉండాలట, బలవంతాన తిప్పితే వేలు కదిలిన క్షణంలో ఒళ్లు మళ్లీ తన చోటుకి పోతుందట. ఊపిరి సగం వదిలి ఆపి, వేలిని నెమ్మదిగా నొక్కుతూ పోయాను. టప్ మంది. భుజానికి తోపుడే తెలియలేదు. తెర మీద చుక్క నల్లదాంట్లో పడింది. అంచునే పడింది గానీ, పడింది! ఆ క్షణంలో నాలో కలిగిన సంతోషానికి నా వయసుతో పనిలేదు.

అసలు కథ ఇంటికి వచ్చాక మొదలైంది. మా పిల్ల పంపిన వీడియోల్లో అమెరికాలోనూ యూరప్‌లోనూ ఇదే బుల్లి రౌండుతో యాభై మీటర్ల దగ్గర ఆగకుండా వంద, రెండొందలు, మూడొందల గజాలకు కొడుతున్నారు. ఎన్.ఆర్.ఎల్.22 అని ఒక పోటీ వరస 2017లో మొదలైంది. అందులో నెలనెలా ఒకే రకం పరీక్షలు అన్ని ఊళ్లకీ పంపుతారు, ఎవరి ఊళ్లో వాళ్లు కొట్టి మార్కులు పంపుతారు. దాన్ని వంద గజాలకే పరిమితం చేశారు, చిన్న ఊళ్లకి కూడా అందాలని. ఆ ఆలోచన నాకు ఎంత నచ్చిందో! ఇంకా పెద్ద పోటీలు మూడొందల గజాలు దాటి వెళతాయి.

అంత దూరం ఎందుకు, పెద్ద రైఫిళ్లు ఉన్నాయిగా అనిపించొచ్చు. రహస్యమంతా అందులోనే ఉంది. ఈ గుండు నెమ్మదిగా పోతుంది. పోటీ రౌండ్లను కావాలనే ధ్వని వేగం కన్నా కాస్త తక్కువగా, సెకనుకి 330 మీటర్ల లోపు పోయేలా తయారుచేస్తారు. ధ్వని వేగం దాటి మళ్లీ దాని కిందికి దిగే గుండు ఆ దిగేచోట తొణుకుతుంది, గురి చెదురుతుంది. మొదటినుంచీ కిందనే ఉంటే ఆ బెడద ఉండదు. నెమ్మదిగా పోతుంది కాబట్టి భూమి దాన్ని ఎక్కువసేపు లాగుతుంది. యాభై గజాలకు సైటు సరిచేసుకున్న రైఫిల్‌తో రెండొందల గజాలకు కొడితే గుండు నాలుగు అడుగులకు పైనే కింద పడుతుంది. మూడొందలకు పది అడుగులకు పైనే. అందుకని టెలిస్కోపు మీది చక్రాన్ని తిప్పి ఆ లెక్క ముందే కట్టాలి. ఒక్కో క్లిక్కు వంద మీటర్ల దగ్గర ఒక సెంటీమీటరు. రెండొందల గజాలకు సుమారు డెబ్భై క్లిక్కులు. ఆ క్లిక్కుల చప్పుడు వింటుంటే నాకు ఒంటిమీద రోమాలు నిక్కబొడుచుకుంటాయి. పెద్ద రైఫిల్ వెయ్యి గజాల దగ్గర పెట్టే పరీక్షలన్నీ ఈ చిన్నది రెండు మూడొందల గజాల దగ్గరే పెడుతుందని ఆడేవాళ్లు చెబుతారు. ఆ అంకెలు చూస్తే నాకూ నిజమే అనిపించింది.

రౌండ్ల గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే నన్ను నిద్రపోనివ్వనిది అదే. సెకనుకి అయిదారు మీటర్ల వేగం తేడా వస్తే చాలు, రెండొందల గజాల దగ్గర గుండు అయిదు సెంటీమీటర్ల అటూఇటూ పైకో కిందికో పోతుంది. పెద్ద రౌండ్లయితే షూటరు ఇంట్లోనే మందు తూకం వేసి మళ్లీ నింపుకుంటాడు. రిమ్‌ఫైర్ గొట్టాన్ని మళ్లీ నింపే వీల్లేదు, ఒకసారి పేలితే దాని పని అయిపోయినట్టే. కాబట్టి ఫ్యాక్టరీ ఏది ఇస్తే అదే. ఇంగ్లండు బర్మింగ్‌హామ్‌లో ఇలీ వాళ్లు, జర్మనీ షోనెబెక్‌లో లాపువా వాళ్లు పరీక్ష రేంజ్‌లు పెట్టారు. షూటర్లు తమ రైఫిల్‌ని అక్కడికి మోసుకెళ్లి, ఒకే పేరుతో ఒకే యంత్రం మీద తయారైన రౌండ్లలో కూడా ఏ లాటు తమ బ్యారెల్‌కి నప్పుతుందో కొట్టి చూసుకుంటారు. నప్పిన లాటుని పెట్టెలకు పెట్టెలు కొనుక్కుని దాచుకుంటారు. మా నాన్న ఫలానా లాటు నంబరు విత్తనం ప్యాకెట్లే కావాలని గుంటూరులో కొట్టు కొట్టూ తిరిగే మనిషి, ఈ మాట చెప్పగానే ఆయనకి వెంటనే అర్థమైంది.

ఇక గాలి. యాభై మీటర్ల రేంజ్‌లో పది మీటర్ల దగ్గర, ముప్ఫై మీటర్ల దగ్గర చిన్న గుడ్డ జెండాలు కడతారు. గంటకు పదహారు కిలోమీటర్ల అడ్డగాలి, అంటే మా ఊళ్లో సాయంత్రంపూట ఒంటికి హాయిగా తగిలే గాలి, యాభై మీటర్లకే గుండుని రెండు మూడు సెంటీమీటర్లు పక్కకి జరిపేస్తుంది. పది మార్కులు కాస్తా ఏడో ఎనిమిదో అవుతాయి. రెండొందల గజాల దగ్గర అదే గాలి అడుగుకు పైనే నెడుతుంది. అంత దూరాన జెండాలు ఉండవు. గడ్డి చూడాలి, దుమ్ము చూడాలి, అన్నిటికన్నా ముఖ్యంగా ఎండమావులు చూడాలి. టెలిస్కోపులో నేలమీది ఆవిరి నిలువుగా లేస్తుంటే గాలి లేనట్టు, లేదా నీ మీదికో నీ వెనకనుంచో వస్తున్నట్టు. అది కుడికి వాలితే గాలి కుడికి. పడుకుని పారినట్టుంటే గాలి గట్టిగా ఉన్నట్టు.

ఈ ఎండమావుల సంగతి చదివినప్పుడు నాకు మా నేల గుర్తొచ్చింది. పెదకాకాని చుట్టుపక్కల చేలల్లో మార్చి ఎండల్లో మిరప కల్లాల మీదుగా చూస్తే అవతలి గట్టు నీళ్లలో తేలుతున్నట్టు కనిపిస్తుంది. మందు కొట్టేవాడు ముందుగా గాలి చూసుకునే సాళ్లలోకి దిగుతాడు. మినుము తూర్పారబట్టేవాడు చేట ఎత్తే ముందు గాలి తెరలు తెరలుగా ఎలా వస్తోందో కనిపెడతాడు, ఒక తెర తగ్గి ఇంకో తెర అందుకునే సందులో చేట వంచడు. మా పిల్ల పంపిన వీడియోల్లో ఒకటి నాన్నకి చూపించాను. కుర్రాడొకడు పడుకుని గురి చూస్తున్నాడు. నాన్న కళ్లజోడు సర్దుకుని, ఫోను దగ్గరికి లాక్కుని, “ఒరేయ్, గాలి తిరిగిందిరా. ఇప్పుడు కొట్టాడంటే కుడిపక్కకి పోద్ది” అన్నాడు. కుర్రాడు కొట్టాడు. పలక కుడివైపున దుమ్ము లేచింది. నేను ఎగిరి గంతేశాను! తుపాకీ ఎప్పుడూ ముట్టుకోని మనిషి!

అందుకే చెబుతున్నాను, ఈ ఆట మన మెట్ట చేల మనుషులకి పరాయిది కాదు. మన తెలుగువాళ్లు ఇందులో లేరా అంటే ఉన్నారు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ లండన్ ఒలింపిక్స్‌లో 2012లో కాంస్యం తెచ్చింది ఎయిర్ రైఫిల్‌తో అని అందరికీ తెలుసు. 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో ఇదే బుల్లి రౌండుతో, యాభై మీటర్లు బోర్లా పడుకుని కొట్టే పోటీలో రజతం తెచ్చాడని ఎంతమందికి తెలుసు? హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో జట్టుగా బంగారం, విడిగా రజతం గెలిచింది. ఆ పిస్టల్‌లో పేలేదీ ఈ పాయింట్ టూ టూ రౌండే. మన ఆంధ్ర కుర్రాడు నేలవల్లి ముకేశ్ 2024లో లిమాలో జరిగిన జూనియర్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో అదే 25 మీటర్ల పిస్టల్‌లో బంగారం కొట్టాడు. ఆ ఏడాదే పారిస్ ఒలింపిక్స్‌లో మహారాష్ట్ర స్వప్నిల్ కుసాలే యాభై మీటర్ల రైఫిల్‌లో, మోకాలి మీద, పడుకుని, నిలబడి మూడు భంగిమల్లోనూ కొట్టి కాంస్యం అందుకున్నాడు. బోర్లా పడుకుని కొట్టే పోటీని మాత్రం 2016 రియో తర్వాత ఒలింపిక్స్‌లోంచి తీసేశారు. మిశ్రమ జట్ల పోటీలకు చోటివ్వాలని తీసేశారు సరే, గాలితో అంత నిక్కచ్చిగా తలపడే పోటీ పోవడం నాకు బాధగా ఉంది.

ఉత్సాహం వచ్చింది కదా అని ఎవరూ తుపాకీ పట్టుకుని చేలోకి దిగకండి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం ఈ రైఫిల్‌కి లైసెన్సు తప్పనిసరి, కొట్టడం రేంజ్‌లోనే. వెనక మట్టి కట్ట లేకపోతే ఇంత చిన్న గుండూ మైలు దాకా పోయి మనిషి ప్రాణం తీయగలదు. పిల్లలకైతే ఎన్.సి.సి. ఉంది. మా మండలంలోనే నాగార్జున యూనివర్సిటీ ఉంది, చుట్టూ కాలేజీలున్నాయి. కేడెట్లు పాతిక గజాలకు పాయింట్ టూ టూ కొట్టడం వాళ్ల శిక్షణలో భాగం. గుండ్లన్నీ దగ్గర దగ్గరగా పడితే అక్కడ గ్రూపింగ్ అంటారు, ఆ మాట దగ్గరే ఈ విద్య మొదలవుతుంది. మీ ఇంట్లో కేడెట్ ఉంటే ఈసారి క్యాంపు నుంచి రాగానే గ్రూపింగ్ ఎంత వచ్చిందో అడగండి, ఆ కళ్లు ఎలా వెలుగుతాయో చూడండి.

మా పిల్ల తర్వాతి పోటీకి నాన్నని కూడా తీసుకెళ్తున్నాం. జెండాలు పదికీ ముప్ఫైకీ మాత్రమే పెడతారని వినగానే ఆయన ఒప్పుకోలేదు. “గురి దగ్గర కూడా ఒకటి ఉండాలమ్మా, అక్కడి గాలి ఎవరు చెబుతారు?” అని ఫోన్లో నిలదీశాడు. “మొదట్లో తగిలిన గాలే ఎక్కువ పనిచేస్తుంది తాతయ్యా, అక్కడ కొంచెం తిరిగిందంటే మిగతా దారంతా ఆ వంకరలోనే పోతుంది” అంటుంది అది. ఆయన మర్నాడు పొద్దున్నే గట్టు మీద రెండు కర్రలు పాతి, పాత పంచె చింపి గుడ్డలు కట్టి, మనవరాల్ని మళ్లీ ఫోన్లోకి పిలిచాడు.