ముందు జబ్బు దొరకాలి

గన్నవరంలో హైవే పక్క సందులో, ఒక మేడ మీది గదిలో ఉంది ఆ రిపేరు షాపు. బయట బోర్డు మీద ‘చిప్ లెవెల్ సర్వీసింగ్ చేయబడును’ అని పెద్దక్షరాలతో రాసి ఉంది. అటు విమానాశ్రయం, ఇటు కేసరపల్లి ఐటీ టవర్లు, చుట్టూ కాలేజీలు. అందుకే ఈ షాపుకి లాప్‌టాప్‌ల కరువు లేదు. పనితీరు దగ్గరుండి చూడాలని మెకానిక్ పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాను. బల్ల మీద మల్టీమీటర్, హాట్ ఎయిర్ గన్, మైక్రోస్కోప్ ఉన్నాయి. వాటి పక్కనే ఒక పాత టూత్‌బ్రష్, పెన్సిల్ చెరిపే రబ్బరు ముక్క.

నూజివీడు ట్రిపుల్ ఐటీలో చదివే అబ్బాయి బ్యాగు దించాడు. “అన్నా, రాత్రిదాకా బానే ఉంది. పొద్దున నుంచీ ఉలుకూ పలుకూ లేదు. మదర్‌బోర్డు పోయిందంటున్నారు.”

“చూడకుండా ఎట్టా చెప్తాం తమ్ముడూ? ముందు చార్జర్ ఇవ్వు.”

మీటరు పెడితే చార్జర్ 19.5 వోల్టులు చూపించింది. అంటే తప్పు అక్కడ లేదు. చార్జర్ తీసేసి, పవర్ బటన్‌ని అర నిమిషం నొక్కి పట్టుకున్నాడు. లోపల మిగిలిన చార్జి పోతే కొన్ని లాప్‌టాప్‌లు దానితోనే లేస్తాయట. ఇది లేవలేదు. అడుగు మూత విప్పి, బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, ర్యామ్ బయటికి తీశాడు. దాని బంగారు రంగు పళ్లను రబ్బరుతో మెల్లగా రుద్ది, మళ్లీ బిగించి చూశాడు. అప్పటికీ చలనం లేదు. ఇంతవరకూ పైసా ఖర్చయ్యే పని చేయలేదు. తేలికవి, చవకవి ఒక్కొక్కటే తేల్చుకున్నాకే బోర్డు బయటికి వచ్చింది.

తర్వాత చూసింది మాత్రం నేను మర్చిపోలేను. బోర్డులోకి 19 వోల్టులు వచ్చే దారిలో మీటరు కీమంది, షార్ట్ ఉందన్నమాట. కానీ ఆ దారిలో ఆవగింజంత కెపాసిటర్లు బోలెడు. చెడింది ఏదో కంటికి తెలియదు. బోర్డంతా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పూసి, బయటి పవర్ సప్లయ్ నుంచి ఒక్క వోల్టు మాత్రం ఎక్కించాడు. మైక్రోస్కోప్‌లో చూడమన్నాడు. బోర్డంతా తడిగా మెరుస్తుంటే ఒకే ఒక్క కెపాసిటర్ మీద తడి చకచకా ఆరిపోతోంది. షార్ట్ అయినచోట వేడి పుడుతుంది, వేడి పుట్టినచోట ఆల్కహాల్ ముందు ఆరుతుంది. హాట్ ఎయిర్‌తో దాన్ని లేపి, చచ్చిన బోర్డొకదాని నుంచి అదే విలువది తీసి అతికించాడు. బటన్ నొక్కగానే ఫ్యాన్ తిరిగింది. అబ్బాయి ముఖం వెలిగింది. మదర్‌బోర్డు మార్చి ఉంటే ఆ కుటుంబానికి ఎన్ని వేల రూపాయలు వదిలేవో!

మధ్యాహ్నం ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. టచ్‌ప్యాడ్ పైకి లేచిపోయిందని ఆయన ఫిర్యాదు. మూత తీస్తే లోపల బ్యాటరీ పూరీలా ఉబ్బి ఉంది. “మాస్టారూ, టచ్‌ప్యాడ్‌కి ఏమీ కాలేదండీ. ఇక దీన్ని చార్జింగ్ పెట్టకండి. పొరపాటున కూడా నొక్కడం, గుచ్చడం చెయ్యకండి, మంటలొస్తాయి.” లిథియం బ్యాటరీకి వేడే పెద్ద శత్రువు. రోహిణి కార్తె ఎండల్లో, పరుపు మీద గాలి ఆడకుండా పెట్టి వాడితే దాని ఆయుష్షు త్వరగా తీరిపోతుంది. ఫ్యాన్‌లో దుమ్ము పేరుకున్నా, ప్రాసెసర్ మీది పేస్టు ఎండిపోయినా అదే గతి.

లాప్‌టాప్ తాకితే జిల్లుమంటోందని ఫోన్ చేసినవాళ్లకు అతని ప్రశ్న ఒక్కటే: “ప్లగ్గుకి మూడో పిన్ను ఉందా అండీ?” మూడు పిన్నుల చార్జర్‌ని రెండు పిన్నుల కన్వర్టర్‌లో గుచ్చితే ఎర్త్ అందదు. అప్పుడు చార్జర్ నుంచి వచ్చే కొద్దిపాటి కరెంటు లీకేజీ మెటల్ బాడీ మీద చేతికి తెలుస్తుంది. స్క్రీన్ నల్లబడిందన్న మరొకరి లాప్‌టాప్ మీద సెల్‌ఫోన్ టార్చి వేశాడు. లోపల బొమ్మ లీలగా కనబడింది. అంటే బ్యాక్‌లైట్ పోయింది, మిగతా మిషన్ బతికే ఉంది.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగుకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పటి సంగతి అడిగాను. “బురదతోనే తెచ్చారండీ. ఆన్ చెయ్యకుండా తెచ్చినవి చాలావరకు బతికాయి. ఆరిందో లేదో చూద్దామని బటన్ నొక్కినవి పోయాయి” అన్నాడు. తడిసిన లాప్‌టాప్‌ని బియ్యంలో పెట్టడం మన డెల్టాలో చాలామంది చేసే పనే. బియ్యం తుప్పును ఆపలేదు, పైగా తవుడు లోపలికి దూరుతుంది. వెంటనే చార్జర్ తీసి, ఆపేసి, విప్పించి ఆల్కహాల్‌తో బ్రష్ చేయించడమే దారి. హార్డ్‌డిస్కు టిక్కుటిక్కుమంటుంటే కూడా అంతే. మళ్లీ మళ్లీ ఆన్ చేసిన కొద్దీ లోపలి ఫొటోలు, పాఠాలు దక్కే ఆశ తగ్గిపోతుంది.

ఇలాంటి రిపేర్లు తేలిక కావాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో ‘రైట్ టు రిపేర్’ (రిపేరు చేయించుకునే హక్కు) పోర్టల్ తెచ్చింది. మంచి అడుగే. కానీ సర్క్యూట్ డయాగ్రములు, అసలు పార్టులు గన్నవరం మేడ మీది ఈ బల్లదాకా కంపెనీలే నేరుగా పంపాలి. ఇప్పుడు చాలా లాప్‌టాప్‌లలో ర్యామ్‌ని కూడా బోర్డుకే అతికించేస్తున్నారు, విప్పి చూసుకునే వీలు ఏటికేడాది తగ్గుతోంది. ఇంత ఓపికగా జబ్బు వెతికే చేతులు మన ఊళ్లలో ఉన్నాయి. వాటికి పని మిగిల్చేలా మిషన్లు తయారుచేయమని అడిగే హక్కు, డబ్బు పెట్టి కొనే మనకుంది. ఈసారి లాప్‌టాప్ కొనేటప్పుడు ర్యామ్, బ్యాటరీ మార్చుకోవచ్చా అని కౌంటర్ దగ్గరే అడగండి. రిపేరుకు ఇచ్చేటప్పుడు ‘ఎంతవుతుంది’ కన్నా ముందు ‘ఏమైంది’ అని అడగండి.