ఎర్రదా? పచ్చదా?

అమెరికా వెళ్లొచ్చిన వాళ్లను ఏం చూశారని అడిగితే నయాగరా జలపాతం, ఆకాశాన్నంటే మేడలు అని చెబుతారు. నన్ను అడిగితే మాత్రం ఒక వీధి చివర ఉన్న చిన్న హోటల్ గురించి చెబుతాను. నవ్వకండి. "గుంటూరు నుంచి అంత దూరం వెళ్లి చెప్పుకోవడానికి హోటలే దొరికిందా వదినా?" అని మా ఆడపడుచు కూడా నవ్వింది. మొత్తం విన్నాక మాత్రం నవ్వలేదు.

మా చెల్లెలు, మరిది న్యూ మెక్సికో రాష్ట్రంలో అల్బుకర్కీ అనే ఊళ్లో ఉంటారు. పేరులో మెక్సికో ఉన్నా అది అమెరికా రాష్ట్రమే. ఆ దేశానికి నైరుతి దిక్కున, సముద్ర మట్టానికి 5,000 అడుగుల పైన ఉన్న ఎండు ప్రాంతం. సాయంత్రం పూట ఊరి పక్క కొండలు గులాబీ రంగులోకి మారతాయి. ఆ కొండల పేరు శాండియా. స్పానిష్‌లో పుచ్చకాయ అని అర్థమట. వాస్తు ప్రకారం వంటిల్లు ఆగ్నేయంలో ఉండాలంటారు గానీ, అమెరికాకు మాత్రం అసలైన కారం వంట ఈ నైరుతి మూలనే ఉందని నేను వెళ్లాకే తెలిసింది.

నేను వెళ్లింది ఊళ్లు చూడ్డానికి కాదు, చెల్లెలి పురిటికి. మా అమ్మ పోయి మూడేళ్లయింది. చెల్లెలి అత్తగారికి మోకాళ్ల నొప్పులు. ఇక మిగిలింది అక్కనే కదా! మావారికి, పిల్లలకు వంట ఏర్పాట్లు చూసి 2024 ఆగస్టు చివర విమానం ఎక్కాను. సెప్టెంబరులో చెల్లికి ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. కానీ రెండు వారాలు తిరిగేసరికి చెల్లి మనిషి మారిపోయింది. నవ్వు లేదు, మాట లేదు. పాపకు పాలిచ్చి గోడ వైపు తిరిగి పడుకునేది. బీరకాయ పప్పు చేశాను, సొరకాయ పాలు పోసి వండాను, వేడి అన్నంలో వెల్లుల్లి కారం, నెయ్యి కలిపి ముద్దలు చేసి పెట్టాను. రెండు ముద్దలు మింగి, "మట్టి తిన్నట్టుంది అక్కా" అనేది. ఏం వండమంటావే అని అడిగితే ఒకటే జవాబు - "ఏదో ఒకటి".

డాక్టరమ్మకు చూపించాం. ప్రసవం తర్వాత కొందరు తల్లులకు మనసు ఇలా కుంగిపోతుందని, ఇది జబ్బే గానీ తప్పు కాదని, సిగ్గుపడాల్సిన పని లేదని ఆవిడ వివరంగా చెప్పింది. మందు రాసింది. వారానికోసారి వచ్చి మాట్లాడి వెళ్లమంది. ఈ మాట మీలో బాలింతలున్న ఇళ్ల వాళ్లు గుర్తు పెట్టుకోవాలి. "అందరూ కనలేదా, దీనికే వింతా?" అని కొట్టిపారేయకండి.

ఆ రోజుల్లోనే మా మరిది, "వదినగారూ, ఇదివరకు మేం ప్రతి శనివారం వెళ్లే హోటల్ ఒకటి రెండు వీధుల అవతలే ఉంది. తీసుకెళ్దామా?" అన్నారు. నలభై రోజులు నిండకుండా బాలింతను గడప దాటించనని నేను పట్టుబట్టాను. నలభై ఒకటో రోజున నలుగురం నడుచుకుంటూ వెళ్లాం.

హోటల్ అంటే మన ఇల్లులాంటి ఇల్లే. మట్టిరంగు గోడలు, పది పన్నెండు బల్లలు. గుమ్మానికి రెండు పక్కలా ఎర్రటి ఎండుమిరపకాయలు గుత్తులుగా, నిలువెత్తు దండలు కట్టి వేలాడదీశారు. వాటిని రిస్ట్రా అంటారు. మనకు మామిడి తోరణం ఎలాగో వాళ్లకు అలాగన్నమాట. గుంటూరు దానిని, గుమ్మంలో మిరపకాయలు కనబడగానే నాకు సగం ప్రాణం లేచొచ్చింది. లోపల వంట కొడుకులది, గల్లాపెట్టె దగ్గర కోడలు, వడ్డన మనవరాలిది. డెబ్బై దాటిన పెద్దావిడ బల్లబల్లకూ తిరిగి పలకరిస్తుంటుంది. అందరూ ఆవిడను అబ్వేలా అంటారు, అంటే అమ్మమ్మ అని.

కూర్చున్నాక ఆ మనవరాలు చిన్న పుస్తకం పట్టుకుని మా చెల్లిని అడిగింది: "రెడ్ ఆర్ గ్రీన్?" ఎర్రదా, పచ్చదా అని. అక్కడ ఏ వంటకం తెచ్చినా దాని మీద మిరపకాయ గ్రేవీ పోస్తారు. పచ్చిమిర్చిదా, పండుమిర్చిదా అన్నది తినేవాళ్లు చెప్పాలి. ఈ ప్రశ్న వాళ్లకు ఎంత ముఖ్యమంటే ఆ రాష్ట్రం దాన్ని తమ అధికారిక ప్రశ్నగా ప్రకటించుకుంది! ప్రభుత్వ పక్షి, ప్రభుత్వ పువ్వు అని విన్నాం గానీ ప్రభుత్వ ప్రశ్న ఎక్కడైనా విన్నారా?

చెల్లి ఏమీ మాట్లాడలేదు. మరిది కల్పించుకుని చెప్పబోయారు. ఆ పిల్ల మాత్రం ఆయన వైపు చూడనే లేదు. పెన్ను అలాగే పట్టుకుని చెల్లి ముఖం కేసి చూస్తూ నిలబడింది. "ఏదో ఒకటి" అంటే అక్కడ కుదరదు. కాసేపటికి చెల్లి అంది, "పచ్చది" అని. నెల రోజుల్లో నాకిది కావాలని ఆ పిల్ల నోట వచ్చిన మొదటి మాట అది. మరిది తల దించుకుని కళ్లు తుడుచుకున్నారు.

తర్వాత నా వంతు. మీరు నమ్ముతారో లేదో, నాకు జవాబు తోచలేదు. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో మావారికి ఏది ఇష్టం, అత్తగారికి ఏది పడదు, పిల్లల డబ్బాలోకి ఏం పెట్టాలి అని రోజుకు పదిసార్లు అనుకుంటాను. నీకేది కావాలని నన్ను ఎవరూ అడగలేదు. అడగాలని వాళ్లకూ తోచలేదు, చెప్పాలని నాకూ తోచలేదు. నా తికమక చూసి ఆ పిల్ల నవ్వి, "క్రిస్మస్?" అంది. ఎరుపు, పచ్చ రెండూ చెరిసగం పోసి తెమ్మనడానికి అక్కడ ఆ మాట వాడతారట. సరేనన్నాను.

వచ్చిన పళ్లెం గురించి చెప్పాలి. దాని పేరు ఎంచిలాడ. నీలం రంగు మొక్కజొన్నతో చేసిన పల్చటి రొట్టెలు, మధ్య మధ్య చీజ్, ఉల్లిపాయ ముక్కలు పెట్టి ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన మిరపకాయ గ్రేవీ పోసి, ఆ పైన వేయించిన గుడ్డు పెడతారు. పక్కన ఉడికించిన పింటో చిక్కుడు గింజలు. పచ్చి గ్రేవీలో కాల్చిన మిరపకాయ వాసన, మన కుంపటి మీద వంకాయ కాల్చినట్టు. ఎర్రది ఎండుమిరపకాయలు నానబెట్టి రుబ్బినది. కొంచెం మట్టి వాసన, కొంచెం తీపి, వెనకాల కారం. మా గుంటూరు మిర్చి ఘాటు దానికి లేదు గానీ రుచి మాత్రం లోతుగా ఉంది. చివర్లో సోపపియాలు తెచ్చారు. నలుపలకల పూరీలనుకోండి. పొంగి బుంగలా ఉంటాయి. మూల తుంచి లోపల తేనె పోసుకుని తింటే కారం మంట ఇట్టే చల్లారుతుంది.

ఒక్క జాగ్రత్త. అక్కడ చిక్కుడు గింజల్లో, గోధుమ రొట్టెల్లో పంది కొవ్వు వేయడం పాత అలవాటు. గ్రేవీల్లో పంది మాంసం కూడా పడుతుంటుంది. మాకు మాంసం అలవాటే గానీ అది తినం. ఏది తినొచ్చో, ఏది వద్దో ముందే అడిగితే విసుక్కోకుండా చెప్పారు. మీ పిల్లల దగ్గరకు ఆ వైపు వెళితే మొహమాటపడకుండా అడగండి.

తింటున్నంతసేపూ పాప నా ఒళ్లో ఉంది. అబ్వేలా వచ్చి చేతులు కడుక్కుని మరీ పాపను ఎత్తుకుంది. ఎన్నో రోజని అడిగింది. నలభై ఒకటి అని చెల్లి చెప్పగానే ఆవిడ ముఖం వెలిగిపోయింది. వాళ్లలోనూ బాలింతకు నలభై రోజుల పత్యం, విశ్రాంతి ఉన్నాయట! స్పానిష్‌లో క్వారెంటేనా అంటారట. లోపలికి వెళ్లి ఒక గిన్నెలో వేడి జావ తెచ్చి చెల్లి ముందు పెట్టింది. అతోలే దాని పేరు. నీలం మొక్కజొన్నలు వేయించి పిండి పట్టి, కాచి, పాలు, పంచదార కలిపింది. మన రాగిజావకు తోబుట్టువే. పాలు పడడానికి బాలింతలకు ఇస్తారని, తనకు తన అత్తగారు ఇలాగే కాచి ఇచ్చిందని చెప్పింది. దానికి డబ్బులు తీసుకోలేదు. చెల్లి గిన్నె ఖాళీ చేసింది. ఆ ఒక్క గిన్నెతో జబ్బు నయమైందని నేను చెప్పను. మందు, డాక్టరమ్మ మాటలు మూడు నెలలు సాగాయి. కానీ ఆ రోజు నుంచి మళ్లీ శనివారాలు మొదలయ్యాయి. వారం మధ్యలో, "శనివారం ఇంకా ఎన్నాళ్లక్కా?" అని చెల్లి అడగడం మొదలుపెట్టింది.

నా ఇంటర్మీడియట్ ఇంగ్లీషుతో, చెల్లి సాయంతో అబ్వేలాను చాలా సంగతులు అడిగాను. అసలు ఆ నేల ప్యూబ్లో తెగల వాళ్లది. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి వాళ్ల పంటలు. 1598లో స్పెయిన్ వాళ్లు వచ్చి స్థిరపడ్డారు. గోధుమ, పంది, గొర్రె వాళ్లతో వచ్చాయి. ఈ రెండూ కలిసినదే ఆ వంట. 1821లో ఆ ప్రాంతం మెక్సికోది అయింది, యుద్ధం తర్వాత 1848లో అమెరికాది అయింది, 1912లో రాష్ట్రమైంది. "మేం ఎక్కడికీ రాలేదు, మా ఇంటి చుట్టూ దేశాలు మారాయి" అని నవ్వింది. మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఆవిడా గుంటూరు దాటకుండానే మద్రాసు రాష్ట్రం, 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ చూసింది.

మిరపకాయ సంగతీ అలాంటిదే. అది పుట్టింది అమెరికా ఖండాల్లో. పోర్చుగీసు వాళ్ల ఓడల్లో మన దేశానికి వచ్చి ఇంకా 600 ఏళ్లు కాలేదు. అంతకుముందు మన కారం మిరియాలదే. మిరపకాయ అనే పేరే మిరియం నుంచి వచ్చింది. అంటే ఆ ఊరి వాళ్లు, మన గుంటూరు వాళ్లు ఒకే పుట్టింటి ఆడపడుచు కాపురం చేసిన రెండు ఇళ్ల వాళ్లన్నమాట!

ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో అక్కడ కొట్ల ముందు పెద్ద ఇనప జల్లెడ పీపాల్లో పచ్చిమిరపకాయలు పోసి, మంట మీద గిరగిరా తిప్పి కాలుస్తారు. జనం బస్తాలు కొని, కాల్పించుకుని, ఏడాదికి సరిపడా ఫ్రీజర్లలో దాచుకుంటారు. మనం వేసవిలో కారం కొట్టించుకున్నట్టే. ఆ కమ్మటి వాసనను 2023లో ఆ రాష్ట్రం తమ అధికారిక సువాసనగా చట్టం చేసింది. నేను దిగిన రోజు కారు అద్దం దించగానే వచ్చిన వాసన అదే.

ఆ పచ్చి గ్రేవీ మన ఇంట్లో ఇలా చేసుకోవచ్చు. పది బజ్జీ మిరపకాయలు మంట మీద తొక్క నల్లబడేదాకా కాల్చి, పది నిమిషాలు గిన్నెలో వేసి మూత పెట్టండి. తొక్క సులువుగా ఊడుతుంది. గింజలు తీసి తరగండి. రెండు చెంచాల నూనెలో ఒక ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు వేయించి, చెంచాడు గోధుమపిండి వేసి కమ్మటి వాసన వచ్చాక మిరపకాయ ముక్కలు, రెండు గ్లాసుల నీళ్లు, ఉప్పు, చిటికెడు జీలకర్రపొడి వేసి పావుగంట ఉడికించండి. కారం చాలకపోతే రెండు మామూలు పచ్చిమిర్చి కలపండి. జొన్నరొట్టె మీదకు, దోసె మీదకు, ఆమ్లెట్ మీదకు బ్రహ్మాండంగా ఉంటుంది. కిటికీలు తెరిచి కాల్చండి, లేకపోతే ఇంటిల్లిపాదీ దగ్గు!

డిసెంబరులో నేను బయల్దేరే ముందు అబ్వేలా ఎర్ర కారం పొట్లం ఇచ్చింది. నేను తీసుకెళ్లిన మా ఊరి కారప్పొడి సీసా ఆవిడకిచ్చాను. వేలితో అద్దుకుని నాలిక మీద పెట్టుకుని, కళ్లు పెద్దవి చేసి, మళ్లీ ఒకసారి అద్దుకుంది. నర్సింగ్ చదువుతున్న ఆ మనవరాలు తర్వాత హోటల్ చూసుకుంటుందో లేదో తెలియదని, తను ఉన్నంతవరకు మాత్రం ఉంటుందని చెప్పింది. మా చెల్లి ఇప్పుడు పాపను నడిపించుకుంటూ అక్కడికి వెళుతోంది. పాప తేనె సోపపియా తప్ప మరేదీ ముట్టదట.

ఇంటికొచ్చాక నేను ఒక పని మొదలుపెట్టాను. ఆదివారం పొద్దున్నే, "ఈ రోజు నాకు గుత్తివంకాయ తినాలని ఉంది" అని పైకే చెబుతున్నాను. మొదట్లో మావారు వింతగా చూశారు. ఇప్పుడు సంచీ పట్టుకుని ఆయనే వంకాయలు తెస్తున్నారు. చెల్లెళ్లూ, అక్కలూ, మీ ఇంట్లో మిమ్మల్ని ఎర్రదా పచ్చదా అని ఎవరైనా అడుగుతున్నారా? అడిగితే "ఏదైనా పర్లేదు" అనకండి. ఎవరూ అడక్కపోతే మీరే చెప్పేయండి. మీ ఇంట్లో ఏదో ఒకటి అనే బాలింత గానీ, ముసలి అత్తగారు గానీ ఉంటే, వాళ్ల ఎదురుగా కూర్చుని, జవాబు వచ్చేదాకా ఆగి అడగండి.