రాజ్యలక్ష్మమ్మగారి బిందె

రాజమండ్రిలో ఎవర్నయినా ఆపి, వీరేశలింగంగారెవరండీ అని అడగండి. టకటకా చెప్పేస్తారు. అదే నోటితో రాజ్యలక్ష్మమ్మగారెవరండీ అనండి. "ఆయన భార్యేగా!" అంటారు. ఆ 'గా' దగ్గరే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆవిడ మీద నవల రాద్దామని కొంతకాలంగా గౌతమీ గ్రంథాలయం చుట్టూ తిరుగుతున్నాను. మావారికి ఇదంతా వింత. "పెళ్ళిళ్ళు చేయించింది పంతులుగారు. మధ్యలో ఆవిడ చేసిందేముందోయ్?" అన్నారు. పెళ్ళంటే పందిట్లో మంత్రాలే అనుకుంటారు పాపం మగవాళ్ళు!

1851లో పుట్టిన ఆవిడకి పుట్టింటివాళ్ళు పెట్టిన పేరు బాపమ్మ. అత్తవారింటికొచ్చి రాజ్యలక్ష్మి అయింది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించారు. పెళ్ళికొడుకు గోగులపాటి శ్రీరాములు, పెళ్ళికూతురు గౌరమ్మ. ఊరు భగ్గుమంది. డబ్బుకి కాకినాడ పైడా రామకృష్ణయ్యగారు అండగా నిలిచారు. విద్యార్థులు పంతులుగారి పక్షాన నిలబడ్డారు. వంటవాళ్ళూ, నీళ్ళు మోసేవాళ్ళూ మాత్రం మేం రామన్నారు. అప్పుడు ముప్ఫయ్యేళ్ళ రాజ్యలక్ష్మమ్మగారు బిందె చంకనెత్తుకుని గోదావరికి వెళ్ళారు. నీళ్ళు తెచ్చారు, వంట చేశారు.

చరిత్ర పుస్తకాల్లో ఇది ఒక్క వాక్యం. పదిమందికి వండి వడ్డించిన ఏ ఇల్లాలినైనా అడగండి, ఆ వాక్యం బరువెంతో! బియ్యం కడగడానికి నీళ్ళు, పప్పులోకి నీళ్ళు, విస్తరి పక్కన నీళ్ళు, చేతులు కడుక్కోడానికి నీళ్ళు. ఒక బిందెతో తీరేదా అది?

వెలి అన్నది కూడా ఇద్దరికీ ఒకేలా పడదు. పంతులుగారికి బడి ఉంది, పత్రిక ఉంది, వాదించడానికి కలం ఉంది. ఆవిడకున్న లోకమల్లా ఇరుగూ పొరుగూ, పుట్టింటివాళ్ళూ, పేరంటాలూ. ఆ తలుపులు మూసుకుంటే ఇక ఎవరితో మాట్లాడుకోవాలి? అయినా తమ గుమ్మం మాత్రం మూయలేదు. పిల్లలు లేని ఆ ఇంట్లో దిక్కులేని వితంతు బాలికలకి ఆవిడే తల్లి.

మా నాయనమ్మ మేనత్త తొమ్మిదో ఏట భర్తని పోగొట్టుకుంది. కోనసీమలో, తల మీద ముసుగుతో, అన్నదమ్ముల ఇళ్ళల్లో మడివంట చేస్తూ బతుకు వెళ్ళదీసింది. రాజమండ్రి ఎంత దూరమని? గోదావరి దాటితే చాలు. దాటించే మనిషే లేకపోయాడు. ఆవిడ పేరు కూడా మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు, "వంటింటి అత్తయ్య" అంటారు. నా నవల నిజానికి అక్కడే మొదలైంది.

ఆడవాళ్ళ చరిత్రలు వెతకడం ఇవాళ్టిది కాదు. 1901లోనే భండారు అచ్చమాంబగారు స్త్రీల జీవితాలు పోగుచేసి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' వెలువరించారు. ఆవిడ బడికి వెళ్ళి చదువుకున్న మనిషి కాదు. ఎమ్మే చదివి, ఒక్క ఊళ్ళో ఒక్క మనిషి గురించి వెతకడానికి నేను పడుతున్న ఆయాసం చూస్తే ఆవిడకి నవ్వొచ్చేది.

1910లో రాజ్యలక్ష్మమ్మగారు పోయారు. పంతులుగారు ఆ తర్వాత తొమ్మిదేళ్ళున్నారు.

మొన్న ఈ నీళ్ళ ఘట్టం రాసి మా అత్తగారికి చదివి వినిపించాను. కళ్ళజోడు తీసి, శ్రద్ధగా విన్నారు. చివర్న ఒకటే అడిగారు.

"పనివాళ్ళెవరూ రాలేదంటున్నావు. మరి ఆ గుండిగలన్నీ ఎవరు తోమారే అమ్మాయ్?"

మూడో అధ్యాయం అక్కడే ఆగి ఉంది.