పొలం గట్టు, కడలి గట్టు

పాత అనంతపురం జిల్లాలోని మా రొళ్ల వైపు వానను మిల్లీమీటర్లలో కొలిచేది ఆఫీసువాళ్లు. రైతులు పదునులో కొలుస్తారు. వేరుశనగ విత్తేంత పదునైందా, కాలేదా అన్నదొక్కటే లెక్క. కాకపోతే బోరే దిక్కు, ఆ బోరు కూడా ఎండితే దేవుడే దిక్కు. సముద్రం సంగతంటారా, ఏ పక్కకు పోయినా రాత్రంతా బస్సులో జాగారం చేస్తే తప్ప కంటపడదు. అలాంటి ఊరివాడు హిందూ మహాసముద్రం నడుమ ఉన్న ఫ్రెంచివాళ్ల దీవికి పోతానంటే ఇంట్లోవాళ్లు నవ్వక ఏం చేస్తారు? "సముద్రం చూడల్లంటే మద్రాసు లేదేమిరా? అంత దూరం పోవల్లనా?" అన్నాడు మా చిన్నాన్న.

న్యాయమైన ప్రశ్నే. కాకపోతే నా దగ్గరా ఒక సాకు ఉంది. ఆ రీయూనియన్ దీవికి మన దేశం నుంచి ఒప్పంద కూలీలుగా వెళ్లిన తొలి జట్టు తెలుగువాళ్లదే. 1828లో యానాంలో ఓడెక్కారు. యానాం అప్పుడు ఫ్రెంచివాళ్ల రేవు, 1954 దాకా వాళ్ల చేతిలోనే ఉంది. దీవిని అప్పట్లో బూర్బోఁ అనేవారు. అక్కడ పెద్ద పెద్ద తోటలున్న దెబాసెఁ కుటుంబంవాడే ఆ రోజుల్లో పుదుచ్చేరిలో కూర్చుని ఫ్రెంచి ఇండియాను ఏలాడు. తోట ఒక చేతిలో, రేవు ఇంకో చేతిలో ఉంటే కూలీలకు కరువేముంటుంది?

మారిషస్‌లో విమానం మారితే ముప్పావు గంటలో రీయూనియన్. దిగిన విమానాశ్రయం పేరు రోలాఁ గారోస్. మనకు టెన్నిసే గుర్తొస్తుంది గానీ, ఆయన విమానాలు నడిపినవాడు, 1888లో ఈ దీవిలోని సెంట్ డెనిస్‌లోనే పుట్టాడు. పారిస్ అక్కడికి తొమ్మిది వేల కిలోమీటర్ల పైమాటే. అయినా పోలీసు వాళ్లదే, బడి వాళ్లదే, డబ్బు వాళ్లదే. 1946 నుంచి ఇది ఫ్రాన్సులో ఒక జిల్లాతో సమానం. 2002 జనవరి 1న యూరో నోట్లు చేతుల్లోకి వచ్చినప్పుడు వాటితో మొట్టమొదట బేరం చేసింది కూడా ఇక్కడే, పారిస్‌లో ఇంకా పాత ఏడాదే నడుస్తుండగా. కొన్నది లిచీ పండ్లు. దీవి మొత్తం విస్తీర్ణం 2,512 చదరపు కిలోమీటర్లు. మా పాత అనంతపురం జిల్లాలో ఇలాంటివి ఏడు పట్టగా ఇంకా చోటు మిగులుతుంది.

ఇది సముద్రం అడుగు నుంచి లేచిన అగ్నిపర్వతం. నీళ్ల కింద ఉన్నది సుమారు నాలుగు వేల మీటర్లు, పైకి కనిపించేది మూడు వేలు. పెద్ద శిఖరం ఎప్పుడో చల్లారింది గానీ ఆగ్నేయాన పితోఁ ద లా ఫూర్నేజ్ ఇంకా మండుతూనే ఉంది. ఆ వైపు తీరం రోడ్డు మీద పోతుంటే, లావా ఏయే ఏట రోడ్డు దాటిందో రాసిపెట్టిన బోర్డులు వరసగా వస్తాయి. 2007 అని రాసినచోట కారు ఆపించి దిగాను. కనుచూపు మేరా నల్లటి రాయి, మెలికలు తిరిగి, పగిలి, అంచులు బ్లేడులా తేలి ఉంది. అరచెయ్యి ఆనిస్తే చర్మం గీరుకుంది. పగుళ్లలో అప్పుడే మొలిచిన ఫెర్న్ ఆకులు, దిగువన రాళ్లను బాదుతున్న అలలు. ఆ ఏడాది ఏప్రిల్లో లావా ఇక్కడే సముద్రంలోకి దూకి దీవికి కొత్త నేల కలిపిందట. మా ఊళ్లో పొలం గట్టు జానెడు జరిపితే పంచాయితీ పోలీస్ స్టేషన్ దాకా పోతుంది. ఇక్కడ ఎకరాలకు ఎకరాలు పుట్టుకొచ్చినా పాసుపుస్తకం అడిగే నాథుడు లేడు.

వాన సంగతి వింటే మావాళ్లు నన్ను అబద్ధాలకోరంటారు. 1966 జనవరిలో ఒక తుపానుకు ఈ దీవి కొండల్లో ఫోక్‌ఫోక్ అనేచోట ఇరవై నాలుగు గంటల్లో 1,825 మిల్లీమీటర్లు కురిసింది. ప్రపంచ రికార్డు అదే. అనంతపురానికి ఏడాది సగటు 550 అటూ ఇటూ. అంటే మాకు మూడేళ్లకు పైగా రావాల్సిన వాన వాళ్లకు ఒక్క రోజులో వచ్చిపడింది. విచిత్రమేమిటంటే ఈ దీవిలోనూ ఒక అనంతపురం ఉంది. సముద్రపు గాలి మోసుకొచ్చే మబ్బులు చాలావరకు తూర్పు కొండలకే ఖర్చయిపోతాయి, పడమటి తీరానికి చేరేది కొద్దిపాటి వానే. సెంట్ పాల్ దగ్గర ఎండిన గడ్డిమైదానం చూడగానే సొంతూరికి వచ్చినట్టు ప్రాణం లేచొచ్చింది. వాళ్లేం చేశారు? కొండల్ని తొలిచి, సొరంగాల్లో తూర్పు నీళ్లను పడమటి పొలాలకు పారించారు. కృష్ణ నీళ్ల కోసం హంద్రీ-నీవా కాలవ వైపు చూసీ చూసీ కళ్లు కాయలు కాచినవాణ్ని, ఆ సొరంగాల కథ మాత్రం శ్రద్ధగా విన్నాను.

ఇంత సముద్రం చుట్టూ ఉన్నా దీవి జనం దాని జోలికి పెద్దగా పోరు. ఇసుక తీరం పడమట కొద్దిమేరే. సొరచేపల దాడులు పెరిగాక 2013లో, పగడపు దిబ్బలు అడ్డున్న మడుగుల్లోనూ, కాపలా ఉన్న చోట్లలోనూ తప్ప ఈతకు దిగడాన్ని నిషేధించారు. ఆదివారం లెర్మిటాజ్ తీరానికి పోతే జనమంతా సరుగుడు చెట్ల కిందే ఉన్నారు. గిన్నెలకు గిన్నెలు అన్నం, కూర తెచ్చుకుని, చాపలు పరిచి, సముద్రానికి వీపు పెట్టి తింటున్నారు. మా వైపు జాతరలో చెట్టు కింద బండి విప్పుకున్న సంసారాలు ఇలాగే కూర్చుంటాయి.

వీపు పెట్టడానికి వేరే కారణమూ ఉందేమో అనిపించింది గ్రాండ్ షలూప్ చూశాక. సెంట్ డెనిస్ దాటి తీరం వెంట పోతే, రెండు కొండల మధ్య లోయలో పాత క్వారంటైన్ కట్టడాలు కనిపిస్తాయి. 1848 డిసెంబరు 20న ఇక్కడ బానిసత్వం రద్దయింది. విడుదలైనవాళ్లు అరవై వేల పైచిలుకు. వాళ్లలో చాలామంది మళ్లీ ఆ తోటల గడప తొక్కబోమన్నారు. చెరకు నరకడానికి చేతులు కావాలి. 1860లో ఫ్రాన్సు, బ్రిటన్ ఒప్పందం రాసుకుని మన రేవుల నుంచి జనాన్ని పంపించాయి. అయిదేళ్ల ఒప్పందం మీద వచ్చి ఓడ దిగినవాళ్లను, రోగాలు లేవని తేలేదాకా ఈ రాతి గోడల మధ్య ఉంచేవారు. మొత్తం మీద లక్షకు పైగా వచ్చారు, తిరిగి వెళ్లినవాళ్లు కొందరే. తోటల్లో కూలీలను చూసే తీరు మీద ఫిర్యాదులు ముదిరి 1882లో బ్రిటిష్ ప్రభుత్వం ఈ వలసను ఆపేసింది. బళ్లారి నుంచి విడదీసి అనంతపురం జిల్లాను చేసింది కూడా ఆ ఏడే.

వచ్చినవాళ్లలో తమిళులే ఎక్కువ. అందుకే ఇక్కడి గుళ్లలో గోపురాలు, పూజలు, పండుగలు వాళ్ల బాణీలో ఉంటాయి. ద్రౌపదమ్మను పాందియాలే అని కొలిచి, ఉపవాసాలుండి నిప్పుల మీద నడుస్తారు. మా జిల్లా గూగూడులో కుళ్లాయిస్వామి అగ్నిగుండం చూసి పెరిగినవాళ్లకు ఆ నిప్పు కొత్త కాదు. మొక్కు తీర్చుకునేవాడి ముఖంలో భయమూ ధైర్యమూ కలగలిసి కనిపించే ఆ క్షణం గూగూడులో ఎలా ఉంటుందో అక్కడా అలాగే ఉంటుంది. పేర్లు మాత్రం సగం సగం. గుమస్తా రాసుకున్న తాత పేరు మనవళ్లకు ఇంటిపేరైంది, ముందు పేరు చర్చి క్యాలెండర్ నుంచి వచ్చింది. సెంటాండ్రేకు మేయరుగా, తర్వాత సెనేటర్‌గా పనిచేసిన ఆయన పేరు జాఁ-పాల్ వీరాపుల్లే.

సెంట్ పాల్‌లో సముద్రం ఒడ్డునే సంత జరుగుతుంది. ఒక పెద్దావిడ ముందు మునగాకు కట్టలు, పక్కనే కరివేపాకు. చీర లేదు, బొట్టు లేదు, చెవులకు మాత్రం మా మేనత్త పెట్టుకునేలాంటి కమ్మలు. మునగాకును అల్లం, వెల్లుల్లి వేసి నీళ్లలో మరిగించి అన్నంలో పోసుకుంటారని వచ్చీరాని నా ఫ్రెంచికి తగ్గట్టు చేతులతో చేసి చూపించింది. "మారిషస్ నుంచా?" అంది. "కాదు, ఇండియా" అన్నాను. ఆవిడ కాస్త ఆలోచించి, "అక్కడ కూడా దొరుకుతుందా ఈ ఆకు?" అని అడిగింది. దొరుకుతుందని చెప్పి ఒక కట్ట కొన్నాను.

ఆ మాట విన్నాకే నా సాకు నాకే పలచగా కనిపించింది. మనవాళ్లు తెలుగు మరిచారని నిట్టూర్చడానికి ఇంత దూరం రావాలా? ఇంతా చేసి, పక్కనే రెండు వందల కిలోమీటర్ల దూరంలో మారిషస్ ఉంది. ఇక్కడి లాగానే అక్కడికీ చెరకు కోసమే తీసుకుపోయారు, ఈదాల్సిన సముద్రమూ ఒకటే. అక్కడ ఉగాదికి ప్రభుత్వ సెలవు. బడుల్లో తెలుగు చెబుతారు. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు కూడా జరిగాయి. ఇక్కడ అవేవీ లేవు. అక్కడ తెలుగువాళ్లు సంఖ్యలో ఎక్కువ, నిజమే. కానీ బ్రిటిష్‌వాళ్లు ఎవరి గుడి, ఎవరి బడి వాళ్లకు వదిలేశారు. ఫ్రాన్సు దారి వేరు. అందరూ ఫ్రెంచివాళ్లే, బడిలో ఫ్రెంచి ఒక్కటే అంది. జనాభా లెక్కల్లో సైతం ఎవరి పూర్వీకులు ఎవరని రాసుకోదు. ఆ పద్ధతిలో సమానత్వం ఉంది, కాదనను. సంతలో ఆ పెద్దావిడకు పింఛను, ఆసుపత్రి పారిస్‌లో ఉండేవాళ్లకు లాగే అందుతాయి. దానికి చెల్లించిన ధర తాతల భాష.

సముద్రం దూరం చేస్తుంది, మరిపించదు. మరిపించేది బడి. ఈ సంగతి రొళ్లవాడికి వేరే చెప్పనక్కర్లేదు. మా మండలం అంచున నిలబడితే ఒక కాలు ఆంధ్రలో, ఒక కాలు తుమకూరు జిల్లాలో. సరిహద్దంటే మాకు పొలం గట్టే. ఇంట్లో కన్నడం, అంగట్లో తెలుగు, పొలంలో రెండూ. కన్నడం మా పక్క ఇన్నేళ్లు నిలబడిందంటే గట్టు సన్నగా ఉన్నందుకు మాత్రమే కాదు. మడకశిర వైపు పిల్లలకు సర్కారే కన్నడ బడులు నడిపింది, అందుకూ.

రీయూనియన్ వెళ్లేవాళ్లెవరైనా ఉంటే నాదొకటే మనవి. గొడుగు తీసుకెళ్లండి, చెప్పులు గట్టివి వేసుకోండి, పేరు చివర రామస్వామి వినపడగానే "తెలుగు వచ్చా?" అని మీద పడకండి. వాళ్లు మనకేమీ బాకీ లేరు. ఆ ప్రశ్న అడగాలనిపిస్తే హిందూపురంలో బెంగళూరు బస్సెక్కండి. కూలికి పోయి అక్కడే స్థిరపడిన మనవాళ్ల పిల్లలున్నారు, మూడు గంటల దూరంలో, మధ్యలో సముద్రం లేకుండా. వాళ్లను అడగండి.